సరమ కొడుకు, మా ఊరి నడకబాట

కిందటి కార్తీకంలో ఒక తెల్లవారుజామున నా కుక్క మూలంగా ఒక పెద్దామె కిందపడింది. ఈ వ్యాసానికి మూలం ఆ సంఘటనే. కనుక ముందు అది చెప్పి, ఆ తర్వాత చరిత్రలోకి వెళతాను.

మాది కరీంనగర్. మా పేటకు దగ్గరలో నడిచేవాళ్ళ కోసం చదును చేసిన మట్టిబాట ఒకటున్నది. ఇరువైపులా కానుగ చెట్లు, అక్కడక్కడ సిమెంటు బల్లలు. చక్కెర జబ్బువాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, పోలీసు ఉద్యోగాల పరుగు పరీక్షకు తయారయ్యే పిల్లలు, నాలాంటి కుక్కల యజమానులు అందరూ ఆ బాట మీదనే నడుస్తారు. నా కుక్క పేరు మోతి. నాటుకుక్కే, నాలుగేళ్ళది. ఆ రోజు చెట్టు దిగిన ఉడుతను చూసి ఒక్క ఉదుటున అడ్డంగా దూకింది. నా చేతిలోని తాడు పొడవైనది. అది బాట మీద మోకాలెత్తున బిగిసింది. ఎదురుగా వస్తున్న ఆమె కాళ్ళకు తగులుకుని ముందుకు పడిపోయింది. అరచేయి ఆనించబట్టి ముఖానికి దెబ్బ తగలలేదు గాని, మణికట్టు వాచిపోయింది.

నేను పరుగున వెళ్ళి లేవనెత్తుతూ, కుక్కల యజమానులందరూ చెప్పే మాటే చెప్పాను. "భయపడకవ్వా, అది ఏమీ చెయ్యదు, చాలా మంచిది."

ఆమె దుమ్ము దులుపుకుంటూ నా వంక చూసి అన్నది: "మంచిదే గావచ్చు బిడ్డా. దాని మంచితనం నీకెరుక. నాకెట్ల ఎరుకైతది?"

దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. మరునాటి నుంచి ఆమె బాట మీదకు రాలేదు. వారం తిరిగేలోగా బాట మొదట్లో ఎవరో ఒక అట్టముక్క కట్టారు. దాని మీద "కుక్కలను తేరాదు" అని ఎర్రసిరాతో రాసి ఉన్నది. దాన్ని చూడగానే నాకు పశ్చాత్తాపం కంటె కోపమే ముందు వచ్చిందని ఒప్పుకోవాలి. చట్టం ఏమంటుందో, పెద్దలు ఏమన్నారో అన్నీ పోగుచేసి వాదానికి దిగుదామనుకున్నాను. ఆ పోగుచేయడంలో నేను వెతికినదొకటి, దొరికినది మరొకటి.

ముందుగా భారతం తీశాను. పదకొండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో, కథ ఇంకా పాండవుల దాకా రాకమునుపే, ఒక కుక్క వస్తుంది. జనమేజయుడు కురుక్షేత్రంలో సత్రయాగం చేస్తున్నాడు. దేవశుని సరమ కొడుకు సారమేయుడు ఆడుకుంటూ ఆ యజ్ఞభూమికి వచ్చాడు. జనమేజయుని తమ్ములు శ్రుతసేనుడు, భీమసేనుడు, ఉగ్రసేనుడు దాన్ని కొట్టారు. కుక్కపిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరకు పోయింది. సరమ నేరుగా రాజు దగ్గరకు వచ్చి, యుక్తాయుక్తాలు విచారించకుండా నిరపరాధులకు కీడు చేసేవారికి ఊహించని ఆపదలు వచ్చిపడతాయని చెప్పి అదృశ్యమైంది. జనమేజయుడు ఆ మాటకు బెదిరి, దోషశాంతి చేయించగల పురోహితుని కోసం బయలుదేరి సోమశ్రవసుని తెచ్చుకున్నాడు. చిన్నప్పుడు బడిలో ఆ పద్యాన్ని కంఠస్థం చేసినవాళ్ళు మనలో చాలామంది ఉంటారు.

ఇదిగో, నా పక్షాన నన్నయభట్టారకుడే సాక్ష్యం చెబుతున్నాడని మొదట సంబరపడ్డాను. రెండోసారి నిదానంగా చదివితే సంబరం తగ్గింది. ఆ కథ కుక్కలను యజ్ఞభూమిలోకి రానివ్వమని చెప్పడం లేదు. అపరాధమేదీ చేయనిదాన్ని కొట్టినందుకు నిలదీస్తున్నది. సంస్కృత మూలంలో కుక్కపిల్ల తాను హవిస్సును నాకలేదనీ, కనీసం చూడనైనా లేదనీ తల్లికి చెప్పుకుంటుంది. సారమేయుడు నిరపరాధి. మరి నా మోతి? ఆమె మణికట్టు వాచింది గదా. ఇంకొక సంగతి కూడా తట్టింది. ఆ కథలో కుక్కపిల్ల తరఫున రాజు ముందు నిలబడి మాట్లాడటానికి తల్లి ఉన్నది. నేను ఆమె ఎదుట నిలబడి చెప్పినదల్లా "అది ఏమీ చెయ్యదు" అన్న ఒక్క మాట.

అక్కడ నుంచి మా ప్రాంతానికి దగ్గరగా వచ్చాను. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉన్నది. పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనంలో అక్కడ మూడు తెలుగు కందపద్యాలున్నాయి. నన్నయకు నూరేళ్ళ ముందటివి. తెలుగుకు 2008లో ప్రాచీనభాష హోదా వచ్చినప్పుడు మన వాళ్ళంతా ఆ గుట్టను తలచుకున్నారు. పంపకవికి, జినవల్లభునికి ఆశ్రయమిచ్చినవారు వేములవాడ చాళుక్యులు. వారి ఏలికలు రాష్ట్రకూటులు. ఆ కాలపు రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు.

ఆ మూడవ కృష్ణుని రోజుల్లోనే, క్రీ.శ. 949-50లో, కన్నడదేశంలోని ఆతకూరులో ఒక శిల నిలిపారు. ఇప్పుడది బెంగళూరు మ్యూజియంలో ఉన్నది. తక్కోలం యుద్ధంలో శౌర్యం చూపిన మణలేరుడనే వీరుడు, వరం కోరుకొమ్మన్న తన ప్రభువు గంగరాజు బూతుగుని వద్ద కాళి అనే వేటకుక్కను అడిగి తీసుకున్నాడు. ఆ కుక్కను ఒక పెద్ద అడవిపంది మీదకు వదిలితే రెండూ పోరాడి చచ్చాయి. మణలేరుడు దాని పేర రాయి పాతించి, పూజకు భూమి ఇచ్చాడు. ఆ భూమి ఫలాన్ని అనుభవించే గొరవడు ఆ శిలకు పూజ చేయకుండా అన్నం తింటే కుక్క చేసిన పాపం అతనికి తగులుతుందని శాసనంలో రాయించాడు.

మా జిల్లాలో పద్యాలు చెక్కిన కాలంలోనే, అదే సామ్రాజ్యంలో, కుక్కకు శాసనం చెక్కారన్నమాట. ఇక్కడ నాకు ముఖ్యంగా తోచినది కుక్క గౌరవం కాదు, ఆ కుక్క పేరిట ఒక మనిషి మీద పడ్డ బాధ్యత. భూమి అనుభవించేవాడు దాని రుణం తీర్చాలి. కుక్క వల్ల లాభం ఒకడిది, బరువు మరొకరిది అయ్యే వీలు లేదని ఆ రాయి చెబుతున్నది.

గొరవలంటే శివభక్తులు. మైలారదేవుని కొలిచే గొరవలు కన్నడదేశంలో నేటికీ ఉన్నారు. ఆ మైలారదేవుడే మనకు మల్లన్న, మరాఠీలకు ఖండోబా. ఓరుగల్లు వీధులను వర్ణించిన క్రీడాభిరామంలో మైలారు వీరభటుల ప్రస్తావన ఉన్నది. గొల్లకురుమల ఇలవేలుపయిన మల్లన్న కథను మా వైపు ఒగ్గువాళ్ళు చెబుతారు. పూర్వపు కరీంనగర్ జిల్లాలోనిదీ, ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలోనిదీ అయిన ఓదెలలో మల్లన్న గుడి ఉన్నది. ఈ దేవుని విగ్రహాలలో, పటాలలో గుర్రం పక్కన కుక్క కనిపిస్తుంది. మరాఠాదేశంలో ఖండోబా భక్తులలో వాఘ్యాలు తమను దేవుని కుక్కలుగా భావించుకుని మొరుగుతారు కూడా.

మందలు కాసేవారి దేవునికి కుక్క తోడుండటంలో వింత లేదు. గొర్రెలమంద పోయే దారిలో కుక్క ముందో వెనకో నడుస్తుంది. ఆ దారి అందరిదీ. బండ్లు పోతాయి, ఎడ్లు పోతాయి, బడిపిల్లలు పోతారు. అయినా మందకుక్క ఎవరి మీద పడిందన్న గొడవ నా చిన్నతనంలో విన్న గుర్తు లేదు. కారణం కుక్క గుణం కాదని, దానికి పని ఉండటమేనని ఇప్పుడనిపిస్తుంది. దాని కన్ను మంద మీద, కాపరి కన్ను దాని మీద. నా కన్ను ఆ ఉదయం సెల్‌ఫోను మీద ఉన్నది. ఈ మాట ఇంతకు ముందు రాయలేదు, ఇక్కడ రాయక తప్పదు.

ఇక ఊరి సంగతి. మన పల్లెల్లో పశువుకు యజమాని ఉండేవాడు, కుక్కకు వాడ ఉండేది. ఈ తేడా చాలా పెద్దది. ఎవరి ఎద్దో చేలో పడి మేస్తే దాన్ని తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టేవారు. యజమాని వచ్చి, అపరాధం చెల్లించి, విడిపించుకోవాలి. బ్రిటిషు ఇండియాలో 1871లో పశువుల అతిక్రమణకు చట్టమే చేశారు. పొడిచే ఎద్దు మెడలో గుదికర్ర వేలాడదీసేవారు. నూర్పిడిలో ధాన్యం ముట్టకుండా మూతికి చిక్కం కట్టేవారు. అంటే జంతువును అదుపులో పెట్టే సాధనాలన్నీ మన ఊళ్ళో ఉన్నవే. బయటివారు నేర్పినవి కావు. వాటి బరువు మోసేది యజమాని అన్న న్యాయం కూడా మనదే.

కాని కుక్కకు బందెలదొడ్డి లేదు. ఎందుకంటే, విడిపించుకుపోవడానికి వచ్చేవాడు లేడు. వాడకుక్క అందరి ఎంగిలి తిని అందరి గడపలూ కాసింది. అది ఎవరిదీ కాదు కనుక దాని తప్పుకు ఎవరూ అపరాధం కట్టలేదు. దాని ప్రాణానికి పూచీ కూడా ఎవరూ పడలేదు. పిచ్చెత్తిందన్న అనుమానం వస్తే కర్రలే గతి.

ఆ భయాన్ని చులకనగా చూడకూడదు. పాస్తరు పిచ్చికుక్క కాటుకు మందు కనిపెట్టినది 1885లో. మన దేశంలో ఆ వైద్యశాల మొదట 1900లో కసౌలిలోనూ, దక్షిణాదిలో 1907లో నీలగిరి కొండల మీది కూనూరులోనూ వెలసింది. కరీంనగర్ ఎక్కడ, కూనూరు ఎక్కడ! 1905లో ఎలగందుల పేరు పోయి మా జిల్లాకు కరీంనగర్ పేరు వచ్చిన నాటికి దక్షిణాదిలో ఆ పాటి ఆసరా కూడా లేదన్నమాట. తర్వాత 1911లో కసౌలిలో సెంపుల్ తయారుచేసిన మందు దేశమంతా వ్యాపించింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని మన పెద్దవాళ్ళు చెప్పుకుని వణికినది ఆ మందు గురించే. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ మందు తయారీని మన దేశంలో 2004 డిసెంబరులో ఆపారు. ఇప్పుడు జబ్బకు నాలుగైదు సూదులతో పని జరుగుతున్నది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా ప్రపంచంలో దాదాపు 59,000 మంది ఈ జబ్బుతో పోతున్నారు. అందులో మూడోవంతుకు పైగా మనవాళ్ళే. జబ్బు బయటపడ్డాక బతికించే మందు లేదన్నట్టే.

ఆ పెద్దామె తరం ఆ పద్నాలుగు సూదుల తరం. నా తాడు చివర ఆమెకు కనిపించినది మోతి కాదు, ఆ తరం మొత్తం మోసుకొచ్చిన భయం.

పట్నాలలో ఈ చిక్కుకు ప్రభుత్వాలు చూపిన మొదటి పరిష్కారం చంపడం. 1832లో బొంబాయిలో కంపెనీ ప్రభుత్వం వీధికుక్కలను చంపితే తలకు ఎనిమిదణాలు ఇస్తామన్నది. కుక్కను పవిత్రంగా చూసే పారసీలు జూన్ 6న తిరగబడ్డారు. అంగళ్ళు మూతపడ్డాయి, తెల్లదొరలకు రొట్టె, మాంసం అందలేదు. హిందువులు, జైనులు, ముస్లింలు కూడా వాళ్ళతో చేరారు. అయినా ఆ పద్ధతి దేశంలో పోలేదు. 2001లో వచ్చిన కుక్కల జనన నియంత్రణ నిబంధనలు చంపే పద్ధతిని తోసిపుచ్చి, పట్టుకుని, శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే వదలాలన్నాయి. 2023లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి.

నిబంధనలు ఒకటి, వీధి ఒకటి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి వీధికుక్కలు చంపిన దృశ్యం తెలుగువాళ్ళు ఎవరూ మరచిపోలేరు. ఉపాధి కోసం పట్నం వచ్చిన ఇందూరు జిల్లా కుటుంబం అది. తండ్రి పనిచేసే చోటికి వెంట వెళ్ళిన పిల్లవాడు. 2025 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానం ఢిల్లీ కుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించమని 11న ఒక ఉత్తర్వు ఇచ్చి, 22న దాన్ని సవరించి, చికిత్స, టీకా అయినవాటిని తిరిగి వదలమన్నది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, క్రీడాప్రాంగణాల వంటి చోట్ల నుంచి కుక్కలను తొలగించమని మరొక ఉత్తర్వు ఇచ్చింది. రెండు పక్షాలవారూ కన్నీళ్ళు పెట్టుకున్న విషయం ఇది. రెండు వైపుల కన్నీళ్ళూ నిజమే.

ఇదంతా వీధికుక్కల గొడవ గదా, మెడపట్టీ ఉన్న మోతికి సంబంధమేమిటని నేనూ అనుకున్నాను. సంబంధం ఉన్నది. మన చిన్న పట్నాలలో "కుక్క యజమాని" అనేవాడు రెండు తరాల వాడు. వాడకుక్కను చూసిన కళ్ళతోనే జనం మన కుక్కనూ చూస్తారు. మనమేమో మన కుక్కను ఇంటి బిడ్డగా చూస్తూ, వీధిలో దాని విషయంలో మాత్రం వాడ ఎంత బాధ్యత పడిందో అంతే పడుతున్నాం. అది పాడుచేసిన చోటు ఊడ్చేది మునిసిపాలిటీ పనిమనిషి. బిడ్డ అనే హక్కు మనది, చీపురు ఆమెది. న్యూయార్కు నగరవాసులకు కూడా ఆ పని తామే చేసుకోవాలని చెప్పడానికి 1978లో చట్టం కావలసి వచ్చింది కనుక, ఇది ఒక్క మన జబ్బే అని నేననను.

చట్టం సంగతి కూడా చూశాను, వాదానికి బయలుదేరినవాణ్ణి గనుక. 1860 నాటి శిక్షాస్మృతిలో 289వ సెక్షను, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షను ఒకే మాట చెబుతాయి. తన అధీనంలోని జంతువు వల్ల మనుషులకు ప్రాణాపాయం గాని, తీవ్రమైన గాయం గాని కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివాడికి ఆరు నెలల వరకు జైలు, లేదా జుర్మానా, లేదా రెండూ. మరొక వైపు, జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు, ఉద్యానాలలో పెంపుడు కుక్కలను పూర్తిగా నిషేధించడం దూరదృష్టి కాదనీ, యజమానులతో మాట్లాడి వేళలు నిర్ణయించుకోవచ్చుననీ అంటాయి. చట్టం అట్టముక్క కట్టినవాళ్ళ వైపూ లేదు, నా వైపూ లేదు. కూర్చుని మాట్లాడుకోమంటున్నది.

వేళలు పంచుకునే పద్ధతి కొత్తదేమీ కాదు. న్యూయార్కు పార్కులలో నిర్ణయించిన చోట్ల ఉదయం 9 లోపల, రాత్రి 9 తర్వాత కుక్కలను తాడు లేకుండా వదలవచ్చు. చాలా ఏళ్ళు అలవాటుగా సాగిన ఈ ఏర్పాటును 2007లో నిబంధనగా రాసుకున్నారు. హైదరాబాదులో చోటే వేరు చేశారు. 2018లో కొండాపురంలో దాదాపు 1.3 ఎకరాలలో కుక్కల కోసమే ఒక పార్కు తెరిచారు. అదే నగరంలో, 1998లో జాతీయోద్యానమైన కాసు బ్రహ్మానందరెడ్డి వనంలోకి పెంపుడు కుక్కలను రానివ్వరు. అక్కడ నెమళ్ళున్నాయి, కుందేళ్ళున్నాయి. ఆ నిషేధం మనుషుల కోసం కాదు.

ఈ చివరి మాట నన్ను గోదావరి దాటించి ఆదిలాబాదు అడవులకు తీసుకుపోయింది. జన్నారం వైపు వెళ్ళినవారికి కవ్వాల్ అడవి తెలుసు. 1965లో అభయారణ్యంగా మొదలై, 2012లో పులుల సంరక్షణ కేంద్రమైంది. నడిగడ్డ దాదాపు 893 చదరపు కిలోమీటర్లు. అక్కడి కాలిబాటలు గోండులవి, కొలాములవి, నాయకపోడులవి. హైమన్‌డార్ఫ్ 1940ల్లో మార్లవాయిలో ఉండి, 1948లో ఆదిలాబాదు రాజగోండుల మీద గ్రంథం ప్రకటించిన ప్రాంతం అది. అడవిలో భూమి కోసం, పశువుల మేత కోసం పోరాడి 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము నేలకొరిగినదీ అక్కడే. అడవిబాట మీద ఎవరు నడవాలన్న ప్రశ్న మా జిల్లాలలో ఎన్నడూ కాలక్షేపం ప్రశ్న కాదు.

ఆ గూడేలలో పంట కాచే మంచె దగ్గర కుక్క ఉంటుంది. రాత్రి పూట అడవిపంది వస్తే మొదట పసిగట్టేది అదే. అది విలాసం కాదు, జొన్నచేను దక్కడానికి ఆధారం. అయితే ఆ కుక్కే మనిషి వెంట అడవిలోకి పోతే దుప్పిని తరుముతుంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం తరమడం కూడా వేటే. దానికంటె కంటికి కనబడని ప్రమాదం ఒకటుంది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో ఊరకుక్కల నుంచి వచ్చిన డిస్టెంపరు జబ్బుతో దాదాపు వెయ్యి సింహాలు పోయాయి. 2018లో మన గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు పోయినప్పుడు ఆ జబ్బు జాడే కనబడింది. కవ్వాల్‌లో పులి ఉన్నది, చిరుత ఉన్నది, మన కుక్కకు దగ్గరి చుట్టమైన రేచుకుక్క ఉన్నది. వాటికీ ఆ జబ్బు సోకుతుంది.

అభయారణ్యానికి ఐదు కిలోమీటర్ల లోపలి పశువులకు టీకాలు వేయించాలని ఆ చట్టం చెబుతున్నది. పశువులంటే ఏవో కూడా వివరించింది. బర్రె, ఎద్దు, ఆవు, గాడిద, మేక, గొర్రె, గుర్రం, పంది, చివరకు బాతు, కోడి కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కుక్క పేరు మాత్రం లేదు. బందెలదొడ్డిలో చోటు లేని కుక్కకు ఇక్కడా చోటు లేదు. ఎవరిదీ కానిదాన్ని ఎవరూ లెక్కపెట్టరు. లెక్కలేనితనం చివరకు పులి మెడకు చుట్టుకుంటుంది. అదే అడవిలో, నడిగడ్డలోని మైసంపేట, రాంపూరు గ్రామాలవారు తరాల నాటి ఇళ్ళు వదిలి బయటకు వచ్చారు. పులికి చోటివ్వడానికి మనుషులు ఊళ్ళే వదులుకున్న జిల్లాలో, ఒక ముసలామెకు చోటివ్వడానికి నేను గజం తాడు వదులుకోలేకపోయానా అనిపించింది.

అప్పుడు మళ్ళీ భారతం తీశాను, ఈసారి చివరి నుంచి. తిక్కన తెనిగించిన మహాప్రస్థానిక పర్వం. మొదట్లో ఒక కుక్క, చివర్లో ఒక కుక్క. పాండవులు ఉత్తరంగా నడిచిపోతుంటే ఒక కుక్క వెంట నడిచింది. ద్రౌపది పడిపోయింది, తమ్ములు ఒక్కొక్కరే పడిపోయారు. బాట మీద మిగిలినవి రెండే ప్రాణాలు. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమన్నాడు. కుక్కనూ ఎక్కించుకుంటానని ధర్మరాజు అంటే, కుక్కలున్నవారికి స్వర్గంలో చోటు లేదన్నాడు. మూలంలో ఆ మాట కుక్కల మీద కాక కుక్కలు గలవారి మీద ఉన్నదని గమనించండి. మా బాట మీది అట్టముక్కకు అంత పాత వంశం ఉన్నది.

ధర్మరాజు ఏమన్నాడు? నన్ను నమ్మి వెంట వచ్చినదాన్ని వదలను, అలా దొరికే స్వర్గం నాకక్కరలేదన్నాడు. ఈ కథను కుక్కప్రేమికులం పదే పదే చెప్పుకుంటాం. నేనూ ఎన్నోసార్లు చెప్పాను. కాని ఇన్నేళ్ళూ దానిలో ఒక సంగతి నా కళ్ళబడలేదు. ధర్మరాజు ద్వారం తోసుకుని లోపలికి పోలేదు. స్వర్గంలోని వాళ్ళ భయాలు అర్థం లేనివనలేదు. తన కుక్క మంచిదని వాదించలేదు. కుక్కను వదలలేను గనుక స్వర్గాన్నే వదులుకుంటానన్నాడు. తన ప్రేమకు ధర తానే చెల్లించడానికి సిద్ధపడ్డాడు, ఇంద్రుని చేత చెల్లించమనలేదు. ఆ కుక్క యమధర్మరాజని తేలింది ఆ తర్వాతనే.

నేను చేసినది దానికి సరిగ్గా వ్యతిరేకం. మోతిని నేను ప్రేమించాను, ధర ఆ పెద్దామె మణికట్టు చెల్లించింది.

ఒక ఆదివారం వాళ్ళ ఇల్లు కనుక్కుని వెళ్ళాను. చేతికి పట్టీ విప్పేశారు. కోడలు చాయ్ ఇచ్చింది. తప్పు నాదేనని చెప్పాను. "చక్కెర మల్లా పెరిగింది బిడ్డా, డాక్టరు నడువుమంటడు, నడుద్దామంటే పానం ఒప్పది" అన్నది ఆమె. ఆ ఒక్క వాక్యంలో నా అపరాధం మొత్తం ఉన్నది. వైద్యం ఖర్చు ఇవ్వబోతే తీసుకోలేదు. "కుక్కను పట్టుకునుడు నేర్సుకో, అది చాలు" అన్నది.

తర్వాత బాట మీద కలిసే నలుగురం కుక్కలవాళ్ళం, పది మంది నడిచేవాళ్ళం సిమెంటు బల్లల దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాం. ఐదున్నరకు ముందే కుక్కల నడక ముగియాలి. సాయంత్రం ఎనిమిది దాటాకే మళ్ళీ రావాలి. తాడు రెండు మూరలకు మించరాదు. ఎదురుగా మనిషి వస్తే కుక్క ఉన్నవాడే బాట దిగి నిలబడాలి. ఏడాది టీకా చీటీ అడిగినవారికి చూపాలి. పాడుచేసినది ఎవరి కుక్కో వాళ్ళే ఎత్తాలి. ఒకాయన, మీ కుక్కలూ వద్దు మీ ఒప్పందాలూ వద్దని లేచిపోయాడు. అతని కొడుకును చిన్నప్పుడు కుక్క కరిచిందట. అతన్ని ఒప్పించే ప్రయత్నం ఎవరం చేయలేదు. చేయకపోవడమే మంచిదైంది. అట్టముక్కను ఎవరూ విప్పలేదు, వానకు దానంతటదే చీకిపోయింది.

సంక్రాంతి దాటాక ఆమె మళ్ళీ బాట మీదకు వచ్చింది, మేము వెళ్ళిపోయే వేళకు. ఒకరోజు మాకు ఆలస్యమై ఎదురుపడింది. నేను బాట దిగి మోతిని కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. ఆమె దానివైపు చూడలేదు, చెయ్యి చాచలేదు, నవ్వలేదు. కొంగు సర్దుకుని, బాటకు అవతలి అంచునుంచి నెమ్మదిగా నడిచిపోయింది. ఆమెకు మోతి మీద ప్రేమ పుట్టలేదు, పుట్టవలసిన పని కూడా లేదు. ఆమెకు కావలసినది బాట. అది ఆమెకు తిరిగి దొరికింది.

మిత్రులారా, మీ ఊళ్ళలో ఈ సంగతి ఎలా ఉన్నదో తెలుసుకోవాలని ఉన్నది. కుక్క ఉన్నవాళ్ళూ రాయండి, కుక్కంటే పడనివాళ్ళూ రాయండి. రెండోవారి మాటలు నాకు ఎక్కువ అవసరం.